ఉత్త సూది

మన భాషలో ఇంజెక్షన్‌కు సూదిమందు అని పేరు. సూదీ మందూ రెండూ కలిస్తేనే ఆ మాట. కన్నడంలోనూ అంతే. చుచ్చుమద్దు అంటారు, పొడిచే మందు అని అర్థం. బళ్ళారి చుట్టుపక్కల పల్లెల్లో ఈ సూదిమందు మీద జనానికున్న నమ్మకం ఇంతా అంతా కాదు. జ్వరమొచ్చి ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరికి పోతే, ఆయన మాత్రలిచ్చి పంపేస్తే, "సూది గూడా ఎయ్యలేదు, ఏం డాక్టరో!" అని గొణుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మందేదైనా కానీ, సూది పడాలి. పడితేనే వైద్యం జరిగినట్టు.

అట్లాంటి మనుషులకు "సూది పొడుస్తాం గానీ అందులో మందేమీ ఉండదు" అని చెబితే ఏమంటారు? మా ఇంట్లో ఆ సమస్యే వచ్చింది. ఆ వైద్యాన్ని డ్రై నీడ్లింగ్ అంటారు. ఫిజియోథెరపీ చేసేవాళ్ళు కండరాల నొప్పులకు వాడతారు. తెలుగులో దానికొక పేరు స్థిరపడలేదు గనక మా వదిన తానే ఒకటి పెట్టుకుంది - ఉత్త సూది. పండితులు కూర్చుని ఆలోచించినా ఇంతకన్నా మంచి మాట దొరుకుతుందనుకోను.

వదినది ఆదోని. మా తాతల కాలంలో ఆదోని, బళ్ళారి ఒకే జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి తాలూకా ఇటు మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. గీత పడింది గానీ పెళ్ళి సంబంధాలు గీతను చూసి ఆగలేదు. ఆదోనిలో తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివిన వదిన, మా అన్నను చేసుకుని గీత దాటి ఇక్కడికొచ్చింది. ఇరవై ఏళ్ళలో కన్నడం నేర్చుకుంది. కానీ అది కూరగాయల అంగడికి, బస్సు కండక్టరుకు, పిల్లల బడిలో టీచరుకు సరిపోయే కన్నడం. ఒంట్లో బాధ చెప్పుకోవడానికి సరిపోయేది కాదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

బళ్ళారి అంటే బయటివాళ్ళకు ఇనుప గనులు గుర్తొస్తాయి. ఊళ్ళోవాళ్ళకు జీన్సు ప్యాంట్లు గుర్తొస్తాయి. కౌల్ బజారు మొదలుకొని ఎన్నో వీధుల్లో గుడ్డ కత్తిరించేవాళ్ళు ఒకరు, కుట్టేవాళ్ళు ఒకరు, ఉతికి రంగు తేల్చేవాళ్ళు ఒకరు, గుండీలు కొట్టేవాళ్ళు, దారాలు కత్తిరించేవాళ్ళు ఇంకొకరు. పని వీధి వీధీ తిరుగుతుంది. మా వదిన ఇంట్లోనే కరెంటు మిషను పెట్టుకుని కుడుతుంది. కూలి నెలకు కాదు, రోజుకు కాదు, పీసుకు ఇంత అని. ఎన్ని కుడితే అంత. ఆ డబ్బుతోనే పెద్దమ్మాయి కాలేజీ ఫీజు నడుస్తోంది. మా అన్న జీతం ఇంటి బాడుగకూ బియ్యానికీ సరి.

జీన్సు గుడ్డ చీర జాకెట్టు గుడ్డ లాంటిది కాదు. కాళ్ళు రెండూ కలిసే చోట, జేబు మడత పడే చోట పొరలు పేరుకుని అట్టలాగా బిగుసుకుంటుంది. రెండు చేతులతో దాన్ని సూది కిందికి తోస్తూ, కళ్ళు కుట్టు మీద పెట్టి, తల ముందుకు వంచి గంటల తరబడి కూర్చోవాలి. మనిషి తల సుమారు అయిదు కిలోల బరువు. అది భుజాల మీద నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు మనకు తెలియదు. ముందుకు వాలితే దాన్ని పడిపోకుండా పట్టుకునే పని మెడ వెనక, భుజం పైన ఉండే కండరాలది. కాలి కండరాలు నడిచేటప్పుడు ఒకసారి బిగిసి ఒకసారి వదులవుతాయి. కుట్టేవాళ్ళ భుజం కండరాలకు ఆ వదులు దొరకదు.

రెండేళ్ళుగా వదినకు కుడి భుజం పైన నొప్పి. మొదట సాయంత్రాలు, తర్వాత మధ్యాహ్నం నుంచే, ఆ తర్వాత పొద్దున లేచేసరికే. దానికి తోడు కుడి కణత దగ్గర తలనొప్పి. ఆముదం రాసి మర్దన చేశాం. ఉప్పు మూటకట్టి కాపడం పెట్టాం. బాములు రాసింది. మందుల అంగట్లో మాత్రలు అడిగి తెచ్చుకుని మింగితే కడుపులో మంట మొదలైంది. ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర ఆరుసార్లు సూదిమందు వేయించుకుంది. వేయించుకున్న రోజు బాగుండేది, మూడో రోజుకు మళ్ళీ మొదటికే. తలనొప్పి చూపు వల్లనేమోనని కళ్ళద్దాలు మార్పించుకుంది. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముకలన్నీ బాగున్నాయి, ఏమీ లేదు పొమ్మన్నారు. ఏమీ లేదని చెప్పడం మంచి వార్తే. కానీ నొప్పి ఉన్న మనిషికి ఆ మాట వింటే తాను అబద్ధమాడినట్టుంటుంది. "నాకేమన్నా పన్జేయలేక దొంగనొప్పా అమ్మీ?" అని బస్సులో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పుత్తూరు కట్టు కట్టించుకొస్తే పోతుందని ఎదురింటి పెద్దాయన సలహా ఇచ్చాడు. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు పేరు మోసిందే. కానీ ఇక్కడ విరిగిందేమీ లేదు కదా.

చివరికి ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు తీసుకుపోయాను. చూసిన అమ్మాయిది ధార్వాడ వైపు. తెలుగు రాదు. నెమ్మదిగా, మర్యాదగా అడిగింది: "ఎల్లి నోవు అక్కా?" మన నొప్పీ వాళ్ళ నోవూ ఒక తల్లి పిల్లలే గనక వదిన చెయ్యి భుజం మీదికి పోయింది. రెండో ప్రశ్న దగ్గర చిక్కొచ్చింది. "ఉరి ఇదెయా?" అనింది ఆ అమ్మాయి. వదిన ఉలిక్కిపడి గొంతు పట్టుకుంది. కన్నడంలో ఉరి అంటే మంట. మనకు ఉరి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. నేను విడమరిచి చెప్పాక ముగ్గురం నవ్వుకున్నాం.

నవ్వుకున్నాం గానీ ఆ ప్రశ్న నవ్వులాటకు అడిగింది కాదు. భుజం నుంచి చేతిలోకి మంట దిగినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తగ్గి చేతిలో వస్తువు జారినా, మెడలో నరం నలుగుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు చేయవలసిన వైద్యం వేరు. మనం కండ పట్టినా నరం పట్టిందంటాం, రక్తనాళం ఉబ్బినా నరం తేలిందంటాం. వైద్యం చేసేవాళ్ళకు ఈ మూడూ మూడు దారులు. అందుకే ఆ అమ్మాయి మాట మాటా అడిగింది, నేను మాట మాటా తిప్పి చెప్పాను. "మంట లేదు, తిమ్మిరి లేదు. గుంజుతాది. సాయంత్రమైతే సలుపుతాది" అనింది వదిన. గుంజడానికి వాళ్ళ మాట దొరికింది. సలపడానికి ఎంత వెతికినా సరైన మాట తట్టలేదు. చేత్తో చూపించాను, గుప్పిట మూసి తెరిచి.

తర్వాత ఆ అమ్మాయి మెడ అటూ ఇటూ తిప్పించి, చేతుల బలం చూసి, భుజం పైకండను బొటనవేలికీ మిగతా వేళ్ళకూ మధ్య పట్టి మెల్లగా తడిమింది. ఒకచోట ఆగి నొక్కింది. వదిన "అబ్బా!" అని కణత పట్టుకుంది. నొక్కింది భుజం మీద, నొప్పి తేలింది కణత దగ్గర! నన్ను కూడా తడిమి చూడమనింది. బిగదీసిన తాడులాంటి కండ, దాని మధ్యలో చింతగింజంత గడ్డ. రెండేళ్ళుగా ఏమీ లేదని చెప్పించుకున్న నొప్పి వేలి కింద దొరికింది. వదిన ముఖంలో ఆ క్షణాన వచ్చిన వెలుగు వైద్యం మొదలుకాకముందు వచ్చిందే.

ఇట్లాంటి బిందువులను ట్రిగ్గర్ పాయింట్లు అంటారు. వీటిని పట్టుకుని జీవితమంతా పనిచేసినావిడ అమెరికా డాక్టరు జానెట్ ట్రావెల్. 1901లో పుట్టి 1997లో పోయింది. ఏ కండలో బిగువుంటే ఎక్కడ నొప్పి తేలుతుందో ఒంటి పటాలు గీయించింది. నడుము నొప్పితో కుంగిపోయిన జాన్ కెనెడీకి వైద్యం చేసి, ఆయన అధ్యక్షుడయ్యాక 1961లో వైట్ హౌస్ వైద్యురాలయింది. ఆ పదవిలో మొదటి స్త్రీ ఆమే. డేవిడ్ సైమన్స్‌తో కలిసి ఆమె రాసిన పెద్ద గ్రంథం మొదటి భాగం 1983లో వచ్చింది. ఆమె ఆ బిందువుల్లోకి మత్తుమందు ఎక్కించేది. అంటే అది సూదిమందే.

మందు తీసేస్తే ఏమవుతుందని చూసినవాళ్ళలో ముఖ్యుడు చెకొస్లొవేకియా డాక్టరు కారెల్ లెవిట్. 1979లో ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. 241 మంది రోగుల్లో 312 నొప్పి చోట్ల ఉత్త సూది గుచ్చితే, సరైన చోట తగిలినప్పుడు 86.8 శాతం చోట్ల నొప్పి అప్పటికప్పుడు తగ్గిందని రాశాడు. గుణం మందుదే కాదు, సూదిది కూడా అన్నమాట! సూది గుచ్చినట్టు నటించిన మరో గుంపుతో పోల్చి చూసిన పరిశోధన కాదది. అందుచేత ఆ అంకెను చూసి మురిసిపోకూడదు. అయినా ఆలోచన అక్కణ్ణుంచి ఊపందుకుంది.

చైనావాళ్ళ ఆక్యుపంక్చర్ కూడా ఇదే కదా అని అడగవచ్చు. సూది ఒకటే, లెక్క వేరు. వాళ్ళది ఒంట్లో ప్రాణశక్తి పారే దారుల లెక్క. వీళ్ళది కండల లెక్క. కండలో ఒక ముక్క బిగుసుకుపోయి వదలకపోతే అక్కడి సన్నని రక్తనాళాలు నలిగి, రక్తం సరిగా అందక, నొప్పి పుట్టించే రసాయనాలు పేరుకుంటాయని వీళ్ళ సిద్ధాంతం. 2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు అట్లాంటి బిందువుల నుంచి ద్రవం తీసి చూస్తే ఆ రసాయనాలు ఎక్కువగానే కనిపించాయి. అయితే ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోని వైద్యులూ ఉన్నారు. ఇద్దరు పరీక్షకులు ఒకే బిందువును ఒకేచోట పట్టుకోలేకపోతున్నారని వాళ్ళ అభ్యంతరం.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా అన్న నవ్వాడు. "మందు లేని సూదికి దుడ్డు కట్టాల్నా? మన మిషన్ సూది ఉందిగా, నేనే పొడుస్తా రా." ఒక్క పూట వైద్యానికయ్యే ఖర్చు వదిన ఆ పూట కుట్టి సంపాదించేదానికన్నా ఎక్కువ. పైగా ఆ పూట కుట్టు ఉండదు. ఫీజు కట్టే నెల అది. అన్న మాటలో ఎగతాళి సగం, లెక్క సగం. వదిన కాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "మందుండే సూదులు ఆరు ఏసుకుంటి గదా, యాడ తగ్గె? ఈ ఉత్తది గూడా చూద్దాం. భుజం పోతే మిషన్ను యాడ పెట్టుకుందువు?" అనింది. అన్న మళ్ళీ మాట్లాడలేదు.

వారానికొకసారి చొప్పున నాలుగుసార్లు. మొదటిసారి నేను పక్కనే నిలబడి చూశాను. బోర్లా పడుకోబెట్టింది. స్పిరిటుతో తుడిచింది. కొత్త పొట్లం మా కళ్ళముందే విప్పింది. సూది మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. కండకు వేసే ఇంజెక్షన్ సూది దీనికి రెండింతలు లావు, లోపల బోలుగా ఉంటుంది. ఇది గట్టి తీగ. ఆ అమ్మాయి భుజం కండను వేళ్ళతో పైకెత్తి పట్టుకుని గుచ్చింది. ఎందుకట్లా పైకెత్తడమంటే, ఆ కండ కింద కొంచెం లోతులోనే ఊపిరితిత్తి పైకొన ఉంటుంది. సూది దాన్ని తాకితే చుట్టూ గాలి చేరి ఊపిరాడదు. అరుదే గానీ, జరిగిన సందర్భాలున్నాయి.

సూది దిగిన సంగతి వదినకు తెలియనే లేదు. కొంచెం ముందుకూ వెనక్కూ కదిలించేసరికి గాలానికి చేప తగిలినట్టు కండ ఒక్కసారి ఎగిరింది. నాకు కంటికి కనిపించింది. "లోపల ఏందో తుళ్ళిందమ్మీ!" అనింది వదిన. అట్లా తుళ్ళితే సరైన చోట తగిలినట్టని ఆ అమ్మాయి చెప్పింది. రెండు రోజులు నొప్పి ఎక్కువగానే ఉంటుందనీ ముందే చెప్పింది. ఉండింది కూడా. మూటలు మోసినట్టు భుజమంతా పచ్చిపుండు. "చూస్తివా, దుడ్డిచ్చి నొప్పి కొనుక్కొచ్చింది" అన్నాడు అన్న. మూడో రోజు పొద్దున వంటింట్లో పై అరలో ఉన్న కందిపప్పు డబ్బాను వదిన తానే అందుకుంది. ఏడాదిగా ఆ డబ్బా దించేది మా చిన్నోడు. నాలుగో వారానికి కణత నొప్పి పోయింది. మాత్రలు మానేసింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది ప్రకటన అవుతుంది. ఆపకూడదు. రెండు నెలల తర్వాత పండగ ఆర్డర్లు వచ్చి, రాత్రి పదకొండు దాకా కుట్టిన వారంలో నొప్పి మళ్ళీ తొంగిచూసింది. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసినవాళ్ళు చెప్పేదీ ఇదే. డ్రై నీడ్లింగ్ వల్ల కొద్ది వారాలపాటు నొప్పి తగ్గుతుందనడానికి ఆధారాలున్నాయి, చాలా కాలం నిలుస్తుందనడానికి గట్టి ఆధారాల్లేవు. సూది గుచ్చినట్టు నటించి చూసినప్పుడు కూడా కొంత గుణం కనిపిస్తుంది గనక, ఉపశమనంలో నమ్మకం పాలు ఎంతో, సూది పాలు ఎంతో తేల్చడం కష్టం. వ్యాయామంతో కలిపి చేస్తేనే మేలు. ఆ అమ్మాయి కూడా, సూది తాళం తీస్తుంది అక్కా, తలుపు తెరిచి పెట్టుకోవాల్సింది మీరే అనే అర్థం వచ్చేట్టు చెప్పింది.

తెరిచి పెట్టుకోవడమంటే ఏమిటో మేం ముగ్గురం కూర్చుని లెక్క వేశాం. మిషన్ బల్ల కాళ్ళ కింద చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచాం, మెడ అంత వంగనక్కర్లేకుండా. వెనక ఎక్కడో ఉన్న దీపాన్ని సూది మీదికి దించాం. వీపుకు ఆనిక లేని స్టూలు తీసేసి కుర్చీ వేశాం. అరగంటకొకసారి లేచి భుజాలు వెనక్కు తిప్పి, మెడ పక్కకు వంచి, రెండు నిమిషాలు నడవాలి. బట్టల మూటలు ఎత్తే పని అన్న తీసుకున్నాడు. ఇంత చేస్తే రోజుకు రెండు పీసులు తగ్గుతాయి. ఆ రెండు పీసుల దగ్గరే వదిన మూడు రోజులు తటపటాయించింది. నొప్పితో మిషన్ మూసేసిన రోజులు నిరుడు ఎన్నో పెద్దమ్మాయి క్యాలెండరు చూసి లెక్క కట్టి చూపించాక ఒప్పుకుంది. పీసు కూలి కొంచెం పెరిగితే ఈ తటపటాయింపే ఉండేది కాదు. ఆ జబ్బుకు ఏ సూదీ లేదు.

మా వీధిలో ఇప్పుడు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వదినను అడగడానికి వస్తున్నారు. ఆమె వాళ్ళను ఉత్తినే పరుగెత్తనివ్వదు. సూది వేసేవాళ్ళు దానికి ప్రత్యేకంగా శిక్షణ పొందారా? పొట్లం మన ముందు విప్పి, వాడిన సూదిని మన ముందే డబ్బాలో పారేస్తున్నారా? రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నామని, కడుపుతో ఉన్నామని ముందే చెప్పామా? వేయించుకున్నాక రొమ్ములో పోటు గానీ ఆయాసం గానీ వస్తే ఇంట్లో కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ఇవీ ఆమె చెప్పే సంగతులు. ఫిజియోథెరపీ లాంటి వృత్తులకు జాతీయ స్థాయిలో చట్టం వచ్చింది 2021లో. కాబట్టి ఎవరు అర్హులో ఎవరు కాదో కనుక్కోవలసిన బాధ్యత ఇంకా చాలావరకు మన మీదే ఉంది.

నాకు మాత్రం ఆ సలుపు అనే మాట ఇంకా ముల్లులా గుచ్చుకుంటోంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ తెలుగు నాటకానికి ప్రాణం పోసిన ఊరు ఇది. రంగస్థలం మీద రాజులు ఏడవడానికి ఇక్కడ ఎంత తెలుగైనా దొరికింది. భుజం నొచ్చిన ఒక ఆడమనిషి ఆ నొప్పి ఎట్లాంటిదో చెప్పుకోవడానికి పక్కన ఒక మనిషి కావలసివచ్చింది. తప్పు ఆ డాక్టరమ్మాయిదీ కాదు, వదినదీ కాదు. సరిహద్దు ఊళ్ళలో బతుకు అట్లా ఉంటుంది. భాషాభిమానం అంటే ఉగాదికి కవిసమ్మేళనం పెట్టుకోవడం ఒక్కటే కాదేమో.

పోయిన నెల వదిన, పెద్దమ్మాయి కలిసి ఒక నోటుపుస్తకం కాగితం మీద రెండు వరుసలు రాశారు. మంట, తిమ్మిరి, పోటు, గుంజుడు, తీపు, సలుపు, జివ్వుమనడం - ఇవి తెలుగులో వదిన చేతిరాత. ఎదురుగా కన్నడంలో పెద్దమ్మాయి చేతిరాత. మంటకు ఎదురుగా ఉరి అని రాసి, పక్కన భయపడొద్దని తెలుగులో చిన్నగా రాసింది. సలుపు ఎదుట చోటు ఖాళీగా ఉంది. ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎవరికైనా సరైన కన్నడ మాట తెలిస్తే రాసి పంపండి. ఆ కాగితం క్లినిక్ గోడకు అంటిస్తామని ఆ అమ్మాయి చెప్పింది.